గాలి పట్టే తీగ

మొదటి తప్పు సోమశేఖర్‌దే. బేగంబజార్‌లో కింద ఇత్తడి సామాన్ల దుకాణం, పైన ఇల్లు గల ఆ సావుకారు తోటి వ్యాపారులకు చూపించుకోవడానికి రేడియో కొన్నాడు. దూరపు కేంద్రాలు పలకాలంటే రాగితీగ ఎత్తున కట్టాలి. ఒక కొస తన మిద్దె మీద, రెండో కొస వెనకనున్న ఓదెలు బర్రెల కొట్టంలో పాతిన వెదురుకు కట్టించాడు. ఇదెందుకని ఓదెలు అడిగితే, గాలిలో ఉన్నదాన్ని పట్టేందుకని చెప్పి దిగిపోయాడు.

ఆ వాడకట్టులో గాలి అంటే పీల్చుకునేది ఒక్కటే కాదు. పిల్లవాడు నిద్రలో జడుసుకున్నా, కొత్త కోడలు అన్నం ముట్టకపోయినా సోకింది గాలే. ఓదెలు చెప్పగా చెప్పగా అది గాలిని పట్టే తీగ అయి కూర్చుంది. జ్వరం పిల్లల్ని ఎత్తుకుని తల్లులు తీగ కింద నిలబడసాగారు. ఎవరో వెదురుకు నిమ్మకాయల దండ కట్టారు. సోమశేఖర్ భార్య వాసవాంబ స్వయంగా దిగివచ్చి దాన్ని తెంపి, పులుసుకు పనికొస్తాయి తీసుకుపొమ్మని వాళ్ళ చేతుల్లోనే పెట్టింది.

రేడియో కొన్నది భర్త అయినా విన్నది ఆమె. దీపాలు పెట్టగానే ముల్లు తిప్పుతూ కూర్చునేది. గరగర మధ్య నుంచి ఒక్కోసారి జావా ద్వీపపు గొంతు తేలివచ్చేది. ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. అయినా పురానాపూల్ వంతెన దాటడానికి ఇంట్లో నలుగురి అనుమతి కావలసిన మనిషి, ఎవరినీ అడగకుండా సముద్రం దాటేది అక్కడే. తీగ విప్పితే ఊళ్ళోని హైదరాబాదు కేంద్రం సన్నగా వినిపించడం తప్ప మరేదీ పలకదని ఆమె విప్పి చూసి తెలుసుకుంది.

ఆ వేసవిలో ఓదెలు బర్రె పాలు తగ్గించింది. పట్టిన గాలులన్నీ ఎక్కడికి పోతాయి? తీగ నిండి కారుతోందని, ఆ కారేది తమ కొట్టంలోనే పడుతోందని ఓదెలు తల్లి ఎల్లమ్మ తేల్చింది. వాడకట్టు పెద్ద బాలకిషన్ ఆ మాటను నెత్తికెత్తుకున్నాడు. గిరాకీ చెడుతుందని భయపడి సోమశేఖర్ తీగ దించేద్దామన్నాడు. ముందు నన్ను దించమంది వాసవాంబ.

ఒక సాయంత్రం ఓదెలు, ఎల్లమ్మతో కలిపి పదిమంది మిద్దె ఎక్కి వచ్చారు. సోమశేఖర్ తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"వదినే, లొల్లి వద్దు," అన్నాడు బాలకిషన్. "తీగ దించుండ్రి. గరీబోళ్ళ బర్రె పాలిస్తలేదు."

"బర్రె ఎందుకు ఇస్తలేదో నాకు తెల్వదు," అంది వాసవాంబ. "తెల్వదని చెప్పనీకి నాకు సిగ్గు లేదు. మీకు తెల్వకున్నా తెలిసినట్టు చెప్తున్నరు. గంతే ఫరక్."

ఆమె రేడియోను హైదరాబాదు కేంద్రానికి తిప్పింది. పాట మోగుతుండగా పెట్టె వెనక నుంచి తీగ కొస విప్పి పక్కన పడేసింది. పాట దాదాపు ఆగిపోయింది. అందరూ ఊపిరి వదిలారు. అప్పుడామె తీగ ఉన్న చోట తన చూపుడు వేలు ఆనించింది. పాట మళ్ళీ లేచింది.

ఎల్లమ్మ రెండు చేతులూ జోడించింది. "అమ్మో, సావుకారమ్మకే పట్టింది గాలి."

గెలుపు ఆ క్షణంలోనే ఆమె చేతికొచ్చింది. ఊరుకుంటే చాలు, గాలి పట్టిన మనిషి జోలికి ఎవరూ రారు. నిమ్మకాయల దండ వెదురుకు బదులు తన గుమ్మానికి వేలాడుతుంది, అంతే. వాసవాంబకు ఆ గెలుపు అక్కరలేదు. ఎల్లమ్మ మణికట్టు పట్టి లాగి, తన వేలు తీసి ముసలామె వేలు అక్కడ పెట్టింది. పాట తగ్గలేదు.

"నీకు గూడ పట్టింది ఎల్లమ్మా. ఇప్పుడు నిన్నేడ దించుదాం?"

ఎల్లమ్మ వేలు తీసింది, పాట పడిపోయింది. పెట్టింది, లేచింది. మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది. నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓదెలు తల్లిని పక్కకు జరిపి తన వంతు చూసుకున్నాడు. బాలకిషన్ తప్ప తక్కినవాళ్ళూ ఒక్కొక్కరే వేలు పెట్టి చూశారు. పెట్టె ఎవరి కులమూ వరసా అడగలేదు.

"ఓ బాపు, ఏందిది? మనమంతా తీగలమేనా?" అన్నాడు ఓదెలు.

"ఆ పాట మన చుట్టే ఉన్నది ఓదెలూ. మనిషి ఒళ్ళు గూడ పట్టుకుంటది దాన్ని. దూరంది పట్టాల్నంటే పొడుగు తీగ గావాలె. గందుకే తీగ దించ," అంది వాసవాంబ.

ఆమె బాలకిషన్ వైపు తిరిగింది. "మీరొక్కరే మిగిలిన్రు. రాండ్రి, వేలు పెట్టుండ్రి."

వాడకట్టులో ఎవరి పెళ్ళయినా, ఎవరి పంపకమైనా, ఎవరింటి కూరలో ఉప్పయినా వేలు పెట్టకుండా విడవని బాలకిషన్, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. తనకు దుకాణంలో పని ఉందన్నాడు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు అందరూ విన్నారు.

"కొట్టం మనది, వెదురు మన జాగల ఉన్నది," అన్నాడు ఓదెలు తల్లితో. "ఎవడొచ్చి దించుతడో సూద్దాం."