అక్క పాడే చోట

రేకుల మీద వాన.

పడుతుంది. ఆగుతుంది. ఆగిన చోట చెవి నిలబడిపోతుంది — మళ్ళీ ఎప్పుడా అని.

కొట్టు వెనక గోడౌన్. కొత్త బట్ట వాసనా, తడిగాలి వాసనా కలిసిపోయిన గది. నేల నుంచి రేకుల దాకా తాన్ల మీద తాన్లు. వాటి మధ్య ఒక స్టూలు. స్టూలు మీద మా బావ. బావ ఒళ్ళో గిటారు.

బట్ట చప్పుడు తాగేస్తుంది. ఎంత పోసినా తాగుతుంది. ఒక్క చుక్క తిరిగి ఇవ్వదు.

అందుకే ఆ గది అడిగాడు. "వీధిలో ఎవరికీ వినపడకూడదురా. నాకూ వినపడకపోతే మరీ మంచిది" అన్నాడు.

తాళంచెవితో సహా ఇచ్చాను.

నేను బట్టల వ్యాపారిని. నాకు తెలిసిన నీతి ఒకటే — సరుకు కదలాలి. కదలని సరుకు రంగు దిగుతుంది. మడత దగ్గర చివుకుతుంది. ఆఖరికి ఊరికే ఇస్తానన్నా ఎవరూ ముట్టుకోరు. దుఃఖం కూడా అలాంటి సరుకే అనుకున్నాను. బయటికి తీసి నలుగురి ముందు పరిస్తే కదులుతుందనుకున్నాను.

అనుకున్నాను...

అక్క పాడేది. బావ వాయించేవాడు.

పడవవాళ్ళ పాటలు. నాట్లు వేసేవాళ్ళ పాటలు. మధ్యమధ్య బ్లూస్ — ఎక్కడో సముద్రాల అవతల పత్తిచేలల్లో, ఒకరి ఏడుపు ఇంకొకరు అందుకుంటే పుట్టిన పాటలట. బావ వాటిని పాత రికార్డులు విని నేర్చుకున్నాడు. వాటి తీరు నాలాంటివాడికి కూడా అర్థమైంది, ఎందుకంటే అది అచ్చం బేరమే. గొంతు ఒక మాట అంటుంది. ఆగుతుంది. గిటారు దానికి జవాబు చెబుతుంది. మళ్ళీ గొంతు. మళ్ళీ జవాబు.

అక్క అడిగేది. బావ చెప్పుకునేవాడు.

"ఇంట్లోనూ అంతేగా" అని మా అమ్మ నవ్వేది.

వాళ్ళిద్దరిదీ ఒక పద్ధతి. అక్క పాడుతున్నంతసేపూ బావ తీగల మీంచి చేతులు ఎత్తేసేవాడు. పూర్తిగా. గొంతు ఒక్కటే నిలబడాలి. ఆ గొంతుకి కింద ఏ ఆసరా ఉండకూడదు. మిగతా వాయిద్యగాళ్ళు ఎవరూ అలా చెయ్యరు, భయం. బావకి భయం లేదు. కుర్చీ ఎడమవైపుకి కొంచెం తిప్పుకుని, ఆమె మొహం చూస్తూ, చేతులు గాలిలో పెట్టుకుని కూర్చునేవాడు — పావురం చేతి మీద వాలుతుందేమో అన్నట్టు.

తరవాత అక్క గొంతులో కంతి.

తరవాత గొంతు లేదు.

తరవాత అక్క లేదు.

గిటారు పెట్టెలోకి వెళ్ళింది. పెట్టె మంచం కిందికి వెళ్ళింది. బావ ఒక ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దే పనిలో కుదిరాడు. చప్పుడు చెయ్యని పని. ఏడాది మీద ఏడాది... ఆదివారాలు నా కొట్టుకొచ్చి, కౌంటరు చివర కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని చూసేవాడు. చూపు వాళ్ళ మీద ఆగేది కాదు. గాలికి గడ్డి వంగినట్టు వాళ్ళు నడిచిన వైపుకల్లా వంగేది, మళ్ళీ లేచేది.

"మూలన పడేసిన సరుకుని ఎలుకలు కొడతాయి బావా. బయటికి తియ్యి" అన్నాను ఒకరోజు.

"ఎలుకలకైనా పనికొస్తుందిగా షావుకారూ."

వదల్లేదు. నేను వదిలే మనిషిని కాదు. ఎదురు వీధిలో ఒక కాఫీ హోటలు. దాని మేడ మీద చిన్న హాలు. పాడేవాళ్ళు, కవితలు చదివేవాళ్ళు వస్తుంటారు. హోటలావిడ కిటికీలకి పరదాలు కావాలని నా కొట్టుకొచ్చింది. అదే అదను.

"కుట్టించి, నేనే వచ్చి తగిలిస్తా. మా బావకి ఒక సాయంత్రం ఇవ్వండి."

"బాగా వాయిస్తారా ఆయన?"

"నచ్చకపోతే వాపసు."

"పరదాలా, బావగారా?"

"రెండూనండి."

ఆవిడ నవ్వింది. బేరం కుదిరింది.

బావ మాత్రం నవ్వలేదు. చాలాసేపు కౌంటరు మీద పరిచిన గుడ్డ అంచు వేలితో సరిచేస్తూ కూర్చున్నాడు. "ఒక్కసారి వాయిస్తా" అన్నాడు చివరికి. "వచ్చిందా, బతుకుతా. రాలేదా... మళ్ళీ నా ముందు ఈ మాట ఎత్తకు. నువ్వు బేరగాడివి కాబట్టి చెబుతున్నా. ఒక్కసారే."

ఒప్పుకున్నాను.

అలా మొదలైంది గోడౌన్‌లో సాధన. ముందు వేళ్ళు మెత్తబడిపోయి తీగలు కోసేవి. తరవాత కోయలేదు. కాయలు కాశాయి. గోడ ఇవతల నేను గుడ్డ కొలుస్తూ, చింపుతూ, మడతపెడుతూ వినేవాణ్ణి. వాన పడేది. పాట సాగేది. వాన ఆగేది. పాట సాగేది.

గిటారు పలకరించేది. అక్క అందుకునేది. గిటారు జవాబిచ్చేది...

ఎంత బాగుందో.

ఏ తానైనా వెలుతురుకి ఎత్తి పట్టుకున్నానంటే, పోగు తెగిన చోటు నాకు ఇట్టే దొరికిపోతుంది. ఈ బజారులో ఆ పేరుంది నాకు. మిల్లువాళ్ళే భయపడతారు.

గోడ ఇవతల నిలబడి రోజూ విన్నాను. ఒక్క పోగు కూడా తెగినట్టు అనిపించలేదు.

ఆదివారం. ఇంకా వెలుగుంది. హాల్లో నా పరదాలు. వాటి వెనక మబ్బు. కుర్చీలు సగానికి పైగా నిండాయి — కుర్రకారు, ఒకరిద్దరు పెద్దవాళ్ళు, కాఫీ కప్పులు. అక్కని విన్నవాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు.

"ఎన్ని మైకులు సార్?" అన్నాడు సౌండు చూసే అతను.

"రెండు."

ఒకటి గిటారుకి. రెండోది తన ఎడమ పక్క, నిలబడ్డ మనిషి ఎత్తుకి బావే సరిచేసుకున్నాడు. మధ్యలో లేచి మాట్లాడతాడు కాబోలు అనుకున్నారందరూ. నేనూ అదే అనుకున్నాను.

కుర్చీ కొంచెం ఎడమకి తిప్పుకున్నాడు.

మొదలుపెట్టాడు. బొటనవేలు లావు తీగ మీద నడక మొదలెట్టింది, బరువుగా, పొలం గట్టున సాయంత్రం నడిచినట్టు. మిగతా వేళ్ళు పైన చినుకులు రాల్చాయి. హాలు హాలంతా ముందుకి వంగింది. కప్పులు కింద పెట్టేశారు. నా ఛాతీలో ఏదో విప్పారింది. కదిలింది అనుకున్నాను. కదిలింది సరుకు...

బావ చేతులు ఎత్తాడు.

నిశ్శబ్దం.

ఇక్కడ బట్ట తాన్లు లేవు. తాగేది లేదు. ఉత్త గోడలు. ఆ నిశ్శబ్దం గోడ నుంచి గోడకి తగిలి, తిరిగొచ్చి, మా అందరి మధ్యా కూర్చుంది.

అప్పుడు జవాబు వాయించాడు.

మళ్ళీ చేతులు ఎత్తాడు.

ఎవరో దగ్గారు. సౌండతను కంగారుగా వంగి నడుచుకుంటూ వచ్చి, రెండో మైకుని వేలితో కొట్టి చూశాడు. టక్. టక్. బాగానే ఉంది. అతనికి అర్థం కాలేదు. వైరు పీకి మళ్ళీ పెట్టాడు.

జవాబు.

మళ్ళీ నిశ్శబ్దం. ఈసారి పాట అయిపోయిందనుకుని వెనక వరసలో ఒకరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి అందరూ కలిశారు. మంచి మనుషులు, మనసారా కొట్టారు. అక్క రెండో చరణం ఎత్తుకునే చోట, సరిగ్గా అక్కడ... చప్పట్లు.

బావ మొహం మైకు వైపు ఉంది. అందులోకి చప్పట్లు వచ్చి పడుతున్నాయి.

అప్పుడు చూశాడు. మైకు వెనక ఎవరూ లేరని — అప్పుడు చూశాడు.

మొదటి వరసలో ఉన్న నా వైపు తిరిగాడు.

"ఒరేయ్. రోజూ ఇలాగే వాయించానా?"

మెల్లగానే అడిగాడు. మైకు దాన్ని హాలంతా పంచిపెట్టింది.

"ఇలాగే బావా."

"గోడ పక్కనే ఉన్నావుగా. చెప్పొద్దూ?"

కుర్చీలోంచి సగం లేచాను.

"నాకు అక్క వినపడింది బావా."

తల ఊపాడు. తనకీ అంతేనన్నట్టు.

ఆపలేదు. అది చెప్పాలి. అక్కడ లేచిపోతే ఇంకోలా ఉండేది. గిటారు సర్దుకుని, అక్క పాడే వరస తనే తీగల మీద వెతికాడు. ఒక స్వరం దొరికింది. ఇంకొకటి దొరికింది. తరవాతది దొరకలేదు. మళ్ళీ మొదటికొచ్చాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. అన్నేళ్ళ కాపురంలో ఆ వరసని ఆ వేళ్ళు ఒక్కసారీ ముట్టుకోలేదు. ఆమె పాడుతున్నంతసేపూ అవి గాలిలోనే ఉన్నాయి మరి. జవాబులన్నీ తెలుసు వాటికి. అడిగిందేమిటో తెలీదు.

మూడోసారి ఆగాక లేచాడు.

"ఇంతేనండి."

చప్పట్లు కొట్టారు. జాలిపడి కొట్టే చప్పట్లు వేరేగా ఉంటాయి. నాసిరకం గుడ్డలా చేతికే తెలిసిపోతాయి.

మెట్ల దగ్గర హోటలావిడ నా చెయ్యి పట్టుకుంది. "ఇంకోసారి పెడదామండీ. ఎవరైనా పాడేవాళ్ళని కూడా..."

"వాపసు అన్నానుగానండి" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. బావని వాపసు తీసుకుని మెట్లు దిగాను.

ఇంటి గుమ్మం దగ్గర, "ఒక్కసారే అన్నాను కదూ" అన్నాడు. అవునన్నాను. మాట మాటే. దాన్ని విరిచే బేరం నాకు తెలీదు.

మర్నాడు కొట్టు తెరిచేసరికి గోడౌన్ తలుపు తీసి ఉంది. తాన్ల మధ్య స్టూలు. స్టూలు మీద బావ. రాత్రి నిద్రపోయిన మొహం కాదు.

"టీ చెప్పనా బావా?"

వినలేదు. గిటారు మర తిప్పుతున్నాడు. తీగ దిగుతోంది. లావు తీగ, ఆ తరవాతది... ఒక్కొక్కటే మూలుగుతూ లోపలికి దిగుతోంది.

తీగలు దించేది రెండు పనులకే. గిటారుని చాలాకాలం పెట్టెలో పెట్టేముందు పూర్తిగా వదులు చేస్తారు, మెడ వంగిపోకుండా. లేదా బ్లూస్ కోసం కొంచెం దించి ఆపుతారు. అక్క గొంతుకి సరిపడేలా బావ ఎప్పుడూ అలాగే దించేవాడు. రెంటికీ మొదలు ఒకటే. ఎక్కడ ఆగుతుందన్నదే తేడా.

గుమ్మంలో నిలబడ్డాను. చేతిలో కొలబద్ద. కొలవడానికి ఏమీ లేదు.

తీగ దిగుతోంది... ఇంకా దిగుతోంది...

పైన రేకుల మీద ఒక చినుకు. ఇంకో చినుకు. అంతలో ఒక్కసారిగా వాన, రేకులన్నీ మోగిపోతూ — ఇక ఏదీ వినపడలేదు.

ఆగుతుందేమోనని నిలబడి ఉన్నాను.