నాన్న మిగిల్చిన రెండేళ్ళు

మా నాన్న చాలా ముందుచూపు గల మనిషి. ఊళ్ళో అందరూ ఆ మాటే అనేవారు. ఆ ముందుచూపు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. తన పైవాళ్ళు యాభై అయిదు నిండగానే మెళ్ళో దండ వేయించుకుని, మర్నాటి నుంచి ఏం చేయాలో తోచక అరుగుల మీద కూర్చోవడం కళ్ళారా చూశాడు. అందుకని నన్ను బళ్ళో వేసేటప్పుడు హెడ్మాస్టరుతో మాట్లాడి నా వయసు రెండేళ్ళు తగ్గించి రాయించాడు. నేను పుట్టింది ప్రభవ నామ సంవత్సరం విజయదశమి నాడు, అంటే 1927 అక్టోబరులో. రిజిస్టరులో పడింది 1929 జూలై ఒకటి. ఆ రోజుల్లో మా బళ్ళో సగం మంది జూలై ఒకటినే పుట్టారు. పెద్దయ్యాక గవర్నమెంటు ఉద్యోగం వస్తే రెండేళ్ళ సర్వీసు అదనంగా కలిసొస్తుందని ఆయన లెక్క. అయిదారేళ్ళ పిల్లాడి రిటైర్‌మెంటు గురించి దిగులుపడ్డ తండ్రి ఇంకెవరికైనా ఉన్నాడేమో నాకు తెలియదు.

గవర్నమెంటు ఉద్యోగం నాకు అచ్చిరాలేదు. 1966లో అమెరికా వచ్చి, చికాగోకి పడమర అరోరాలో ఒక ఫౌండ్రీలో చేరాను. కరిగిన ఇనుములో ఏది ఎంత పాలు ఉందో చూసి చెప్పే పని. పక్కనే నేపర్‌విల్‌లో చిన్న ఇల్లు. నేనూ, మా ఆవిడ హైమా. పిల్లలు లేరు. హైమ బడికి వెళ్ళలేదు కాబట్టి ఆమె వయసును ఎవరూ సవరించలేదు. నాకంటే ఏడాది చిన్నదైన మనిషి పాస్‌పోర్టులో నాకంటే పెద్దది. దాని మీద ఆమె నన్ను పదహారేళ్ళు ఆటపట్టించింది. "చిన్నవాడివి, నీకేం తెలుసు" అనేది. ఆ ఒక్క వేళాకోళానికే నన్ను నువ్వు అనేది.

1982 జనవరిలో సున్నాకి కింద ఇరవై ఆరు డిగ్రీల చలి పడింది. మెయిల్ తెస్తానని గుమ్మం దాటిన హైమ పెట్టె దాకా వెళ్ళి, అక్కడే మంచులో మోకాళ్ళ మీద కూలబడింది. ఊపిరి లోపలికి పోవడం లేదు. నేను కిటికీలోంచి చూసి పరుగెత్తేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. పదకొండు రోజులు హాస్పిటల్‌లో ఉంది. ఊపిరితిత్తుల డాక్టరు దక్షిణామూర్తి మాకు స్నేహితుడు, గుంటూరు మనిషి. డిశ్చార్జ్ రోజున నన్ను వరండాలోకి తీసుకెళ్ళాడు.

"ఆదిశేషు గారూ, మందులు నేనిస్తా. చలికి నా దగ్గర మందు లేదు. నెక్స్ట్ వింటర్ ఆవిణ్ణి ఇక్కడ ఉంచకండి."

ఉంచితే ఏమవుతుందని అడిగాను. ఆయన చేతిలో ఫైలు మూశాడు.

ఆ వసంతమంతా అమెరికా దక్షిణ భాగం మా వంటింటి బల్ల మీద పరుచుకుని ఉంది. ఏ ఊరి చాంబర్ ఆఫ్ కామర్స్‌కి ఉత్తరం రాసినా రంగురంగుల పుస్తకాలు ఉచితంగా పంపేవాళ్ళు. ఏ పుస్తకం తెరిచినా అదే ముసలి జంట, అవే తెల్ల బూట్లు, అదే నవ్వు. వాళ్ళు ఒకేసారి తొమ్మిది ఊళ్ళలో ఎలా రిటైరయ్యారో అని హైమ ఆశ్చర్యపోయేది. నేను చూసేవి మూడు: జనవరిలో ఎండ, మాకు అందుబాటులో ఇల్లు, దగ్గర్లో మంచి ఊపిరితిత్తుల డాక్టరు. హైమ నాలుగోది చేర్చింది. జనవరిలో వడియాలు ఎండాలి. పదహారేళ్ళుగా ఆమె మినపవడియాలు ఓవెన్ దీపం కింద ఆరబెట్టి, అవి మెత్తబడితే నన్ను తిడుతూ వస్తోంది.

ఫ్లారిడా మొదట్లోనే పోయింది. అక్కడి గాలిలో తడి ఎక్కువ. వడియాలతో పాటు తనకీ బూజు పడుతుందని హైమ తేల్చేసింది. టెక్సాస్‌లోనే ప్లేనో అనే ఊళ్ళో వాళ్ళ తమ్ముడు శ్యామ్‌సుందర్ ఉన్నాడు, రమ్మని పిలిచాడు. కానీ అక్కడా శీతాకాలంలో ఐస్ పడుతుంది, ఇళ్ళ ధరలు మాకు అందవు. టెక్సాస్ అడుగున మెకాలెన్ వెచ్చన, చవక. ఉత్తరాలు రాసి వాకబు చేస్తే ఊపిరితిత్తుల డాక్టరు కోసం చాలా దూరం పోవాలన్నారు. చివరికి అరిజోనాలో టూసాన్ మిగిలింది. పొడి ఎండ, యూనివర్సిటీ హాస్పిటల్, లారీల మీద తెచ్చి దింపే చిన్న చిన్న ఇళ్ళు.

మే నెలలో కార్‌లో వెళ్ళి చూశాం. రెండు గదుల ఇల్లు, ముందు సిమెంటు గచ్చు. నేను ఇల్లు అమ్మే అతనితో మాట్లాడుతుంటే హైమ ఒక్కతే వీధి చివరిదాకా నడిచింది. మళ్ళీ తిరిగి వచ్చింది. ఎక్కడా ఆగలేదు. జనవరి తరవాత ఆమె అలా ఆగకుండా నడవడం అదే మొదటిసారి. నేను ఆ అమ్మేవాడు చెప్పిన ధరకి బేరం కూడా ఆడలేదు. అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చాను.

సెప్టెంబరులో ఫౌండ్రీ మూసేస్తున్నట్టు నోటీసు పెట్టారు. డిసెంబరు ముప్ఫై ఒకటికి యాభై అయిదేళ్ళు నిండేవాళ్ళకి పెన్షన్, బతికినంత కాలం భార్యాభర్తలిద్దరికీ హెల్త్ ఇన్సూరెన్స్. నిండనివాళ్ళకి పదమూడు వారాల జీతం, మూడు నెలల్లో ఇన్సూరెన్స్ ఆఖరు. లేదా ఇంకా ఉత్తరాన, మినెసోటాలో డులూత్ దగ్గర కంపెనీదే ఇంకో ఫౌండ్రీ ఉంది, అక్కడికి ట్రాన్స్‌ఫర్. తోటివాళ్ళు తిట్టుకుంటూ ఉంటే నేను పండగలా ఇంటికొచ్చాను. నాకు అక్టోబరులో యాభై అయిదు నిండుతున్నాయి. దేవుడు ఉన్నాడని చెబుతూ కోటు విప్పుతున్నాను. హైమ పొయ్యి తగ్గించింది.

"ఏమండీ, ఆఫీస్‌లో మీకెన్నేళ్ళు?"

కోటు ఒక చేతికి అలాగే వేలాడుతూ ఉండిపోయింది. నా వయసు నాకు తెలుసు కదా. ఆ సంతోషంలో కాగితం మీది వయసు గుర్తే రాలేదు. ఆఫీస్‌లో నాకు యాభై మూడు.

పర్సనెల్ ఆఫీస్‌లో మార్గరెట్ అనే ఆవిడ ఉండేది, మంచిది. బర్త్ సర్టిఫికెట్ తెస్తే మారుస్తానంది. మా ఊరి కరణం రాసుకున్న పుట్టుకల పుస్తకం ఎప్పుడో చెదలు తినేసింది. మా చెల్లెలు విజయశ్రీకి ట్రంకాల్ చేశాను. అది ఇల్లంతా వెతికి, మా తాతగారు స్వహస్తాలతో రాసిన నా జాతకం రిజిస్టర్ పోస్టులో పంపింది. పసుపు పూసిన నాలుగు మూలలు, ప్రభవ, ఆశ్వయుజ శుద్ధ దశమి, శ్రవణా నక్షత్రం. యాభై అయిదేళ్ళలో ఆ కాగితాన్ని నేను అంత భక్తిగా ఎప్పుడూ పట్టుకోలేదు.

దాన్ని ఇంగ్లీషులోకి రాసి, వీటన్‌లో ఒక లాయర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చదివి, నేను అమెరికా వచ్చేటప్పుడు పుట్టిన తేదీకి ఏ రుజువు ఇచ్చానని అడిగాడు. మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్, దాంతోపాటు మా నాన్న మేజిస్ట్రేట్ ముందు చేసిన ప్రమాణ పత్రం అని చెప్పాను. నా కొడుకు 1929 జూలై ఒకటిన నా యింట, నా యెదుట పుట్టాడని ఆయన ప్రమాణం చేశాడు. తేదీ దిద్దినవాడు ఆయన, సాక్షి కూడా ఆయనే. ఆ తేదీ మీదే గ్రీన్‌కార్డు వచ్చింది. ఆ తేదీ మీదే నేను చెయ్యెత్తి ప్రమాణం చేసి సిటిజన్‌నయ్యాను.

లాయర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈ జాతకం నిజమని రుజువు చేయాలంటే మిగతావన్నీ అబద్ధమని నేనే సంతకం పెట్టాలన్నాడు. పెడితే ఏమీ కాకపోవచ్చు. ఎవరైనా పాత ఫైలు తెరిస్తే సిటిజన్‌షిప్ దాకా పోవచ్చు. పోదని తాను హామీ ఇవ్వలేనన్నాడు. పదిహేను నిమిషాల్లో నన్ను బయటికి పంపించాడు.

కారులో కూర్చుని మా నాన్నను తిట్టాను. పదకొండేళ్ళ క్రితం పోయిన మనిషిని, కొరివి పెట్టడానికి కూడా వెళ్ళలేకపోయిన మనిషిని, నోటికొచ్చినట్టు తిట్టాను. తరవాత నన్ను నేను తిట్టుకున్నాను. చిన్నప్పుడు నాకు తెలియదు, సరే. ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో ఫారం మీద ముప్ఫై ఏడు అని రాసినప్పుడు నాకు తెలుసు కదా. కలిసొచ్చిన రెండేళ్ళని ఎవడు కాదనుకుంటాడు అనుకున్నాను.

కాగితాలకి ఆఖరు రోజు అక్టోబరు ఇరవై తొమ్మిది, శుక్రవారం సాయంత్రం అయిదింటి దాకా. మధ్యాహ్నం మూడింటికే ఫౌండ్రీ పార్కింగ్ లాట్‌లో కారు ఆపి, జాతకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇవ్వకపోతే హైమకి డాక్టరు ఉండడు. మరో కంపెనీ ఆ ఊపిరితిత్తులకి ఇన్సూరెన్స్ రాయదు, నేను కనుక్కున్నాను. ఇచ్చాక ఎవరైనా ఫైలు తెరిస్తే అసలు దేశమే ఉండదు. నాలుగుసార్లు తలుపు తీశాను. నాలుగుసార్లు వేశాను. ఇంటి దగ్గర హీటర్ పక్కన దుప్పటి కప్పుకుని దగ్గుతున్న మనిషి కళ్ళ ముందు కనబడుతోంది. బయట అప్పుడే చిన్నగా మంచు మొదలైంది.

అయిదు దాటాక మార్గరెట్ బయటికొచ్చింది. నన్ను చూసి కారు దగ్గరికి వచ్చి, అద్దం దింపమని సైగ చేసింది. ఏమైనా దొరికిందా, ఇప్పుడైనా తీసుకుంటానంది.

"లేదు," అన్నాను.

నిజం నా ఒళ్ళోనే ఉంది. దాని మీద చెయ్యి అడ్డం పెట్టి లేదన్నాను. ఆవిడ పాపం సారీ చెప్పి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి హైమకి అంతా చెప్పాను. నేను ఇంకా అనడానికి భయపడుతున్న మాటను ఆమె ముందే అనుకుని కూర్చుందని అప్పుడు తెలిసింది.

"నేను టూసాన్ పోతా. మీరు ట్రాన్స్‌ఫర్ తీసుకోండి. ఇన్సూరెన్స్ పోనివ్వకండి."

"ఒక్కదానివీ ఎలా ఉంటావ్? డ్రైవింగ్ రాదు, ఇంగ్లీష్ రాదు."

"ఊపిరి వస్తుంది కదా," అంది. "మిగతావి నేర్చుకుంటా."

డులూత్‌లోనూ రూలు అదే. యాభై అయిదు నిండిన ఏడాది చివర పెన్షన్. నా కాగితాలకి యాభై అయిదు 1984లో నిండుతాయి. నేపర్‌విల్ ఇల్లు అమ్మి టూసాన్‌లో అడ్వాన్స్ ఇచ్చిన ఇల్లు కొన్నాం. నవంబరు మూడో వారంలో హైమను ప్లేన్ ఎక్కించాను. వీల్‌చెయిర్ వద్దంది. గేటు దాకా మూడుచోట్ల ఆగింది, ఆగిన ప్రతిసారీ పోస్టర్ చదువుతున్నట్టు నటించింది. జాతకాన్ని ఆమె పెట్టెలో చీరల మధ్య పెట్టాను. నా అసలు వయసైనా ఆమె దగ్గర ఉంటుంది.

డులూత్ సంగతి చెప్పేదేముంది. చికాగో చలి దీని ముందు చిన్నపిల్ల. హైమ కోసం వెచ్చని ఊరు వెతికి, నేను అమెరికా నెత్తి మీద ఒక గదిలో ఉన్నాను. మా నాన్న కోరుకున్న రెండేళ్ళ అదనపు సర్వీసు చేస్తున్నాను. ఆయన చూస్తే ఎంత సంతోషించేవాడో.

ప్రతి ఆదివారం పొద్దున్న ఫోన్ చేస్తాను. మాటల కంటే ముందు ఆమె ఊపిరి వింటాను. నేపర్‌విల్‌లో ప్రతి రెండు మాటలకీ ఆగేది. జనవరి రెండో ఆదివారం ఒక్క గుక్కలో మాట్లాడింది. మినప్పప్పు దొరికిందట. మొన్న పొద్దున్న ముందు గచ్చు మీద పాత చీర పరిచి వడియాలు పెట్టిందట. పక్కింటి ముసలావిడ వచ్చి పిట్టలకా అని అడిగిందట. రెండు రోజుల్లో గలగలమంటూ ఎండిపోయాయట.

వేయించావా అని అడిగాను. అవతల ఆమె ఊపిరి వినబడలేదు. మళ్ళీ ఊపిరి ఆగిందేమోనని నా ప్రాణం పోయింది.

"ఎవరికి వేయించను? ఒక్కదాని కోసం మూకుడు పెట్టబుద్ధి కాలేదు."

రిసీవర్ ఇంకో చెవికి మార్చుకున్నాను. కిటికీ అవతల మంచు మోకాలి లోతున ఉంది.

"బాగా ఎండాయండీ. డబ్బాలో పోసి గట్టిగా మూత పెట్టాను," అంది. "రెండేళ్ళు నిలవుంటాయి లెండి."