గేటు దగ్గర ఆదివారాలు

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపుకి 'బి.జెడ్.సి. బంగారాలు' అని పేరు పెట్టినవాడు సంజీవరావు. డిగ్రీలో ఒక్క బొద్దింకను కూడా సరిగ్గా కోసిన పాపాన పోలేదు గానీ, పాతికేళ్ళు దాటాక అందరినీ వెతికి పట్టుకుని గ్రూపులో పడేశాడు. డిసెంబరులో మా కాలేజీలోనే అందరం కలవాలని ముహూర్తం కూడా పెట్టేశాడు. నన్ను పట్టుకోవడం పెద్ద కష్టం కాలేదట. ఆటోనగర్లో లారీ స్పేర్ పార్టుల షాపు, కౌంటర్లో కూర్చుని డ్రైవర్లతో పోట్లాడే ఆడమనిషి అంటే ఎవరైనా చెబుతారు, శ్రీదుర్గ గారని. ఆ కౌంటర్ వల్లే నా నోరు పెద్దదైందని నేనంటాను. పుట్టుకతోనే వచ్చిందని మా ఆయన అంటారు.

గ్రూపులో చేరగానే నేను పెట్టిన మెసేజి ఒక్కటే. "మార్త ఎక్కడుందో ఎవరికైనా తెలుసా?"

ఎవరికీ తెలియదు. ఒకళ్ళు ఏలూరన్నారు, ఒకళ్ళు వైజాగన్నారు. ఇంకొకాయన "ఏ మార్త?" అన్నాడు. వాడితో నేను ఇప్పటికీ మాట్లాడటం లేదు.

మార్త హాస్టల్లో నా రూమ్మేటు. నాది నందిగామ. తనది కూచిపూడి దాటాక కాలువ పక్కన ఓ పల్లె. నా దోమతెర చిరిగిపోతే ఇంకోటి కొనుక్కోవడానికి బద్ధకించి డిగ్రీ అయ్యేదాకా మార్త తెరలోనే పడుకున్నాను. ఎక్కడికెళ్ళినా ఇద్దరం ఒకే రంగు కట్టుకునేవాళ్ళం. చదువయ్యాక కొన్నాళ్ళు ఉత్తరాలు రాసుకున్నాం. తర్వాత పెళ్ళిళ్ళు, కాన్పులు, ఇళ్ళు మారడాలు. ల్యాండ్‌ఫోన్లు పోయాయి, వాటితోపాటే నంబర్లూ పోయాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. అయినా ఆస్పత్రిలోనో, బజార్లోనో "మార్తా" అని ఎవరైనా పిలిస్తే ఇప్పటికీ నా తల అటు తిరుగుతుంది.

నాకు ఆడపడుచులున్నారు, తోడికోడలుంది. మా భవానీపురం వీధిలో పేరంటానికి పిలిచేవాళ్ళకి కొదవలేదు. కానీ సగం మాట చెప్పి ఆపేస్తే మిగతా సగం అందుకునే మనిషి నాకు మళ్ళీ దొరకలేదు. ఈ వయసులో స్నేహితురాలి మీద బెంగేమిటని నవ్వుతారని ఎవరితోనూ అనలేదు గానీ, అది బెంగే. ఫంక్షన్ అనగానే వన్‌టౌన్ వెళ్ళి ఒకే రంగు చీరలు రెండు కొన్నాను. రెండోది ఎవరికని మా ఆయన అడిగితే మాట మార్చి బీరువాలో పెట్టేశాను.

మార్తను తలుచుకుంటే వాళ్ళమ్మ శౌరమ్మ గారు కూడా గుర్తొస్తారు. ఆదివారం చర్చిలో పూజ అవగానే బస్సెక్కి బెజవాడలో మా కాలేజీ ఆవరణలోనే ఉన్న హాస్టల్‌కి వచ్చేవారు. క్యారియర్లో చేపల పులుసు, సీసాలో గోంగూర పచ్చడి. కాలేజీ గేటు లోపలికి మాత్రం ఒక్కసారీ రాలేదు. మేం ఎంత లాగినా, "పొలం కాళ్ళమ్మా నాయి. నాకెందుకు లోపల? ఇక్కడ గాలొస్తంది" అని బయట పిట్టగోడ మీదే కూర్చునేవారు. వాచ్‌మన్ లోపలికి చూసి "మార్త వాళ్ళమ్మొచ్చింది" అని కేకేసేవాడు. సోమవారం మధ్యాహ్నం ల్యాబ్ వెనక ఆ గోంగూర సీసా క్లాసంతా తిరిగేది. సంజీవరావైతే మూత కూడా నాకేవాడు.

ఇలా ఉండగా నవంబరులో ఒక పొద్దున గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. పెట్టినవాడు రామకోటేశ్వరరావు, మా కోటి. చేపల మేత ఏజెంటు, అవనిగడ్డ వైపు కారులో తిరుగుతూ ఉంటాడు. రోడ్డు పక్కన కట్టిన ఫ్లెక్సీని కారులోంచే తీసినట్టున్నాడు. పైన సిలువ, తెల్ల పావురం, 'ప్రభువునందు నిద్రించిన' అన్న అక్షరాలు. వాటి కింద ముఖం.

మార్త. అదే వెడల్పు నుదురు, ఎడమ బుగ్గ మీద అదే సొట్ట, నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుండే అదే మూతి. పేరుండాల్సిన చోట మాత్రం ఎవరో చోటా నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ అడ్డంగా కట్టేశారు. మన దగ్గర పోయినవాళ్ళకి కూడా రోడ్డు పక్కన జాగా మిగలనివ్వరు.

"వాళ్ళ ఊరి దగ్గరే ఫ్రెండ్స్. మార్త మనకిక లేదు" అని రాశాడు కోటి.

దండాలు వచ్చాయి, కొవ్వొత్తులు వచ్చాయి, ఏడుపు బొమ్మలు వచ్చాయి. ఆ వెంటనే ఒక మహానుభావుడు డిసెంబరు ఫంక్షన్లో బిర్యానీ చికెన్‌దా మటన్‌దా అని అడిగాడు. అందరూ మార్తను వదిలేసి బిర్యానీ మీద పడ్డారు. సాయంత్రానికల్లా సంజీవరావు కాలేజీలో కట్టబోయే ఫ్లెక్సీ నమూనా పెట్టాడు. వెనక మా కాలేజీ బిల్డింగు, పైన 'మనల్ని విడిచి వెళ్ళిన మిత్రులు', కింద మూడు ఫోటోలు. మూడోది మార్తది. కోటి పెట్టిన ఫోటోలోంచి కత్తిరించి దండ తగిలించాడు. ఎలా ఉందో చెప్పండంటూ కింద ఒక నవ్వు బొమ్మ.

ఫోన్ చేశాను. "ఏరా సంజీవా, మనిషి పోయిందని తెలిసి రోజు కూడా కాలేదు. అప్పుడే దండేశావా?"

"ఏం చేయమంటావ్ దుర్గా, పెళ్ళిళ్ళ సీజను. ఇప్పుడివ్వకపోతే ఫ్లెక్సీవాడు దొరకడు" అన్నాడు పాపం.

వాడిని ఏమని ఏం లాభం. ఆ ఫోటో ముందు పెట్టుకుని కౌంటర్లోనే ఏడ్చాను. బ్రేక్ లైనర్ల కోసం వచ్చిన డ్రైవరొకాయన, రేపొస్తానమ్మా అని వెళ్ళిపోయాడు. దాని సమాధి మీద ఓ దండన్నా వేయకుండా ఆ ఫంక్షన్లో ముద్ద ఎలా దిగుతుంది నాకు?

ఆదివారం చామంతి దండ కొనుక్కుని అవనిగడ్డ బస్సెక్కాను. రెండో చీర సంచిలో పెట్టుకున్నాను. దానికి కట్టే రాత లేకపోతే వాళ్ళమ్మకైనా ఇద్దామని. పామర్రు దాటాక రోడ్డుకి రెండు వైపులా చేలు కోతకొచ్చి ఉన్నాయి. ఈ దారిన ఆవిడ వారం వారం ఒళ్ళో క్యారియర్ పెట్టుకుని వచ్చేవారు కదా అనుకున్నాను. నేను మాత్రం ఈ దారిన రావడం ఇదే మొదలు.

ఊరి మొదట్లో దిగగానే ఆ ఫ్లెక్సీ కనబడింది. పుట్టినరోజు నాయకుడు ఇంకా దాని మీదే పళ్ళికిలిస్తున్నాడు. పక్కనే సోడా బడ్డీ. మార్త పేరెత్తితే 'పోయిందండీ' అంటాడని భయమేసింది. వేలితో ఫ్లెక్సీ చూపించి, "ఈవిడ ఇల్లెక్కడండీ?" అన్నాను.

"చర్చి వెనకమాల రెండో ఇల్లండీ. వాళ్ళుంటారు, వెళ్ళండి" అన్నాడు బడ్డీ ఆయన.

వరండాలో ఒకావిడ చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. నెరిసిన జుట్టు, నేత చీర, వెడల్పు నుదురు. శౌరమ్మ గారే, మా గేటు బయట పిట్టగోడ మీద ఎలా కూర్చునేవారో అచ్చం అలాగే ఉన్నారు. ఇన్నేళ్ళయినా మనిషి అలాగే ఎలా ఉంటుందన్న ఇంగితం నాకుండాలి కదా. లేదు. చెప్పులు విడిచి వెళ్ళి ఆవిడ ముందు చతికిలబడ్డాను.

"అమ్మా, నేను దుర్గనమ్మా. హాస్టల్లో మార్తతో ఉండేదాన్ని, నందిగామ పిల్లని."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. "మీరు..." అని ఏదో అనబోయారు. నేను మొదలెడితే ఎదుటివాళ్ళ వంతు ఎప్పుడొచ్చింది గనక.

"దానికోసం ఎన్నేళ్ళు వెతికానో తెలుసామ్మా? మా పెద్దాడు పుట్టినప్పుడు, మా నాన్న పోయినప్పుడు, షాపు పెట్టినప్పుడు, ముందు దానికి చెప్పాలనిపించేది. ఎక్కడని చెప్పను? ఎప్పటికైనా కనబడకపోతుందా, అన్నీ కలిపి ఒకేసారి చెబుదాంలే అని మూట కట్టుకుని కూర్చున్నా. ఇప్పుడా మూట ఎవరి దగ్గర విప్పుకోనమ్మా? మొన్న ఫంక్షన్ అంటే దానికీ నాకూ ఒకే రంగు చీరలు కూడా తీశాను. దాని చీర మీరు కట్టుకోండి. కాదనకండి."

చీర తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఆవిడ దాని అంచు తడిమారు. కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడు ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది.

"నోరు మాత్రం ఏం మారలేదే దుర్గీ. పక్కవాళ్ళని ఒక్క ముక్క మాట్లాడనిస్తే కదా."

నన్ను దుర్గీ అని పిలిచే మనిషి ఈ లోకంలో ఒక్కతే.

ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. ఇద్దరం ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తుంటే చిక్కుడుకాయలన్నీ వరండా నిండా చెల్లాచెదురయ్యాయి. "బతికుండగా రాలేదు గానీ చచ్చానంటే దండ పట్టుకుని పరిగెత్తుకొచ్చావ్" అని అది నా వీపు మీద ఒకటి వేసింది. ఆ దెబ్బకి నాకు ప్రాణం లేచొచ్చింది.

"మరి ఆ ఫ్లెక్సీ?"

"మా అమ్మే. పోయి ఏడాదైంది. ఏడాది ప్రార్థనకి కట్టాం." మార్త గోడ మీది ఫోటో చూపించింది. "ముసలితనంలో తీసిన ఫోటో ఒక్కటీ బాగా రాలేదు. పెళ్ళైన కొత్తల్లో బందరు స్టూడియోలో తీయించుకున్నది ఉంటే అదే ఇచ్చాం. ఫ్లెక్సీవాడు రంగులేసి కొత్తదానిలా చేశాడు. కింద వరసలో నా ఫోటో కూడా ఉందే. ఆ పుట్టినరోజాయన వెనకాల."

మేమందరం వెతుకుతున్నది డిగ్రీ నాటి మార్తనే. ఆ వయసు ముఖం కనబడగానే అదే అనేసుకున్నాం. తీరా అసలు మనిషి ఎదురుగా కూర్చుంటే నేను అమ్మా అని పిలిచాను. తెచ్చిన దండ శౌరమ్మ గారి ఫోటోకి వేశాం.

చిక్కుడుకాయలు ఏరుకుంటూ తన సంగతులు చెప్పింది. పార్వతీపురం వైపు టీచరు ఉద్యోగం, ట్రాన్స్‌ఫర్ల మీద ట్రాన్స్‌ఫర్లు. చివరికి అమ్మకి బాగోలేక ఇటు వేయించుకుని వచ్చేసిందట. "బెజవాడ బస్టాండులో నందిగామ బోర్డున్న బస్సు కనబడితే అది కదిలేదాకా చూస్తా నిలబడేదాన్ని. దిగేవాళ్ళలో ఉంటావేమోనని."

"ఇంకేం, డిసెంబర్లో వస్తున్నావు. ఆ చీరే కట్టుకుందువుగాని" అన్నాను.

మార్త తల అడ్డంగా ఊపింది. "నేన్రాను దుర్గీ. మూడేళ్ళు పక్కన పడుకున్న నువ్వే నన్ను పోల్చుకోలేదు. ఇక వాళ్ళకి నేనేం గుర్తుంటాను? బతికున్నట్టు వాళ్ళకి రుజువు చేసుకోవాలా నేను? నువ్వొచ్చావు, నాకది చాలు."

నాకు చాలదు. ఇన్నేళ్ళకి దొరికిన మనిషిని మళ్ళీ ఈ వరండాలో వదిలేసి బస్సెక్కడం నావల్ల కాదు. నా కోపమంతా సంజీవరావు మీదికి మళ్ళింది. "ముందు వాడి ఫ్లెక్సీ పీకిస్తానుండు" అని ఫోన్ తీశాను.

"ఏదీ, చూడనీ" అంది మార్త.

నమూనా చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. మా కాలేజీ మెట్లు, వరండా స్తంభాలు, వాటి ముందు దండతో వాళ్ళమ్మ. వేలు ఆ మెట్ల మీదే ఆగింది.

"ఇది కాలేజీ లోపల కడతారా?"

"స్టేజీ పక్కనే అంట. నువ్వేం బాధపడకు, ఇప్పుడే తీయించేస్తా."

"తీయించొద్దు" అంది. "పేరు మార్పించు, బొమ్మ ఉండనీ. అలాగైతే నీతో వస్తాను."

సంజీవరావుకి కలిపాను. మార్త బతికే ఉందనగానే వాడు నిజమా అని మూడుసార్లు అడిగాడు. విషయమంతా విన్నాక మెల్లగా నసిగాడు. "అది సరే గానీ దుర్గా, ఆవిడ మన బ్యాచ్ కాదు కదా. అక్కడ ఎలా పెడతాం?"

"ఎవర్రా బ్యాచ్ కాంది? ఆవిడ గోంగూర సీసా మూత నాకింది ఎవడు?"

"సరే సరే. 'మార్త వాళ్ళమ్మ గారు' అని వేయిస్తా" అన్నాడు.

స్పీకర్లో వింటున్న మార్త ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది.

"అలా వద్దు సంజీవరావు గారూ. శౌరమ్మ అనే వేయించండి. మూడేళ్ళూ ఆ గేటు దగ్గర అమ్మని మార్త వాళ్ళమ్మ అనే పిలిచారు. ఈసారన్నా తన పేరుతో లోపలికి రానివ్వండి."