మిగిలిన ఒక్క మాట

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన అంబులెన్సు నడిపాడు. ఇంట్లో ఉన్నా ఒంటికాలి మీదే ఉండేవాడు. నాలుగు ముద్దలు గబగబా మింగి, మెట్లు దిగుతూ చొక్కా గుండీలు పెట్టుకునేవాడు.

"కూర్చుని తినండి. ముద్ద అడ్డం పడితే మిమ్మల్నెవరు మోసుకెళ్తారు?" అని భార్య దెప్పేది. ఆయన నవ్వి, కంచం ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయేవాడు.

రిటైరైన ఏడాదే పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఒక్క మాట మాత్రం తిరిగొచ్చింది.

"తొందరగా."

మంచినీళ్ళు కావాలన్నా అదే, కిటికీ మూయమన్నా అదే. విన్న ప్రతిసారీ ఆవిడ ఎక్కడి పని అక్కడ వదిలేసి, గడపలు తన్నుకుంటూ పరుగెత్తేది. ఒక మధ్యాహ్నం ఇక ఓపిక చాలలేదు.

"నాకేమన్నా రెక్కలున్నాయా? ఎంతని పరుగెత్తను?" అంటూ మంచం పక్కనే చతికిలబడి ఏడ్చేసింది.

ఆయన ఎడమచేత్తో ఆవిడ తల నిమిరాడు. "తొందరగా... తొందరగా..." అన్నాడు, పసిబిడ్డను ఊరుకోబెడుతున్నట్టు. ఆయన కళ్ళలోనూ నీళ్ళే. తనను తరమడం లేదని, ఆయనకు మిగిలిన మాట అదొక్కటేనని ఆవిడకు అప్పుడు తెలిసింది.

ఆనాటి నుంచి మాటను వదిలి గొంతును వినడం నేర్చుకుంది. దాహానికొక తీరు, విసుగుకొక తీరు. కూతురు వస్తే మాత్రం ఆ మాటే సంబరంగా గదంతా నిండేది. "మీ నాన్న కబుర్లకు అంతుండదే" అని ఆవిడ మురిసిపోయేది. పరుగులు తగ్గాయి. ఇల్లు కుదుటపడింది.

ఒకరోజు పొద్దున్నే పొయ్యి మీద పాలు పొంగుకొస్తుంటే, ముందుగదిలోంచి కేక వినిపించింది.

"తొందరగా!"

"వస్తున్నానండీ, కొంపలేం మునిగిపోలేదు" అంది.

మళ్ళీ పిలిచాడు. ఆవిడ పాలు దించి, పొయ్యి తుడిచి, చేతులు కడుక్కుని వెళ్ళింది. అప్పటికే ఆయన తల పక్కకు వాలిపోయింది. ఎడమచెయ్యి గుండె దగ్గర చొక్కాను గుప్పిట బిగించి ఉంది.

కబురందిన కూతురు కట్టుబట్టలతో ఆదరాబాదరా వచ్చింది. తల్లి జరిగింది చెప్పి, గోడకు జారగిలబడి కూర్చుంది.

"డాక్టరుగారిని అడిగానమ్మా. నువ్వు పక్కనే ఉన్నా నాన్న దక్కేవారు కాదట."

"దక్కకపోతే పోనీ. పక్కనైనా ఉండేదాన్ని కదే" అంది ఆవిడ.

కూతురు తల్లి పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.