గుమ్మిలో దొరికిన నోటుబుక్కు

కోరుట్ల పక్క పల్లెలో బీడీలు చేసే ఎల్లవ్వకు గంగారాం ఒక్కడే కొడుకు. వాడు హైదరాబాదులో రష్యా భాష చదువుతున్నాడంటే ఊళ్ళో ఎవరికీ ఓ పట్టాన నమ్మకం కుదరలేదు.

"ఆ భాష నేర్సుకొని ఎవలతోని మాట్లాడుతవ్ రా, మీ బర్రెతోనా?" అని నవ్వేవారు.

ఎల్లవ్వ చేటలో తునికాకు కత్తిరిస్తూ, "నవ్వుండ్రి. నా కొడుకు మాస్కో పోతడు" అనేది.

అది ఉత్త మాట కాదు. కాలేజీ నుంచి ఏడాదికి ఒక్కరిని పది నెలలపాటు అక్కడికి పంపేవారు. ఆ ఏడు మార్కుల్లో గంగారాం మొదట ఉన్నాడు, బాపు రావు ఆ తర్వాత. గంగారాం పాస్‌పోర్టు కాగితాలు కూడా కదిలాయి.

బాపు రావు అదే ఊరి దొర కొడుకు. ఊళ్ళో దొరల మీద రైతుకూలీల సంఘం లేచాక దామోదర్ రావు దొర గడీకి తాళం వేసి జగిత్యాలలో కాపురం పెట్టాడు. ఊళ్ళో అయితే వాళ్ళిద్దరూ ఒక అరుగు మీద కూర్చునేవారు కాదు. జగిత్యాల కాలేజీలో ఒక బెంచీ దొరికింది, హైదరాబాదు హాస్టల్లో ఒక గది దొరికింది. ఒకే కంచంలో తిన్నారు. రెండో ఏడు బాపు రావుకు కామెర్లొచ్చి నెల రోజులు మంచం పట్టాడు. ఎల్లవ్వ నేల ఉసిరి నూరి, పసరు సీసాలో పోసి కొడుకు చేత పంపింది.

ఆ నెల పాఠాలన్నీ గంగారాం ఒక నోటుబుక్కులో విడిగా రాశాడు. పుస్తకంలోని మాటలు బాపు రావు బుర్రకెక్కడం లేదని తన ఇంటి సంగతులే గళ్ళు గీసి, అంకెలు వేసి రష్యా భాషలో పెట్టాడు. అమ్మ ఆకు తడిపింది. అమ్మ ఆకు కత్తిరించింది. అమ్మ దారం కట్టింది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో బాపు రావు పేరు రాశాడు. రష్యా నుంచి వచ్చే రంగుల పత్రిక కాగితంతో అట్ట వేశాడు. కాగితం మందంగా, నున్నగా ఉండేది కాబట్టి అప్పట్లో పిల్లలందరి పుస్తకాలకూ అదే అట్ట.

పరీక్ష గట్టెక్కాక బాపు రావు నోటుబుక్కు తిరిగి ఇచ్చాడు. "నీ దగ్గర్నే ఉండనియ్యి గంగన్నా, నేనైతే పోగొడ్త" అన్నాడు. గంగారాం దాన్ని ఎండాకాలం సెలవులకు ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ వారమే సంఘంవాళ్ళు పక్క ఊరి దొర భూముల్లో ఎర్రజెండాలు పాతారు. పోలీసులు చదువుకున్న పిల్లల ఇళ్ళన్నీ వెతకసాగారు. ఆ రోజుల్లో జీపు చప్పుడు వినపడితే తల్లులు ముందు చేసే పని ఒకటే. ఇంట్లో ఎర్రగా ఏది కనపడితే అది దాచెయ్యడం. ఎల్లవ్వ చూసేసరికి నోటుబుక్కు అట్ట మీద ట్రాక్టరు, దాని పైన ఎర్రజెండా. కొడుకు బావి కాడ ఉన్నాడు. అడిగే వ్యవధి లేదు. వడ్ల గుమ్మిలో మోచేతిదాకా తోసి పైన వడ్లు కప్పింది.

అరలో ఉన్న పుస్తకాలను పోలీసులు అటూ ఇటూ తిప్పి వదిలేశారు. గుమ్మిలో చెయ్యి పెట్టిన జవాను మాత్రం పళ్ళికిలించాడు.

"ఏందవ్వా, మీ వడ్లల్ల పుస్తకాలు పండుతున్నయా?"

గంగారాంను జగిత్యాల స్టేషనుకు తీసుకుపోయారు. ఎస్సై కోస్తా మనిషి. పేజీలు తిప్పి, "ఈ గళ్ళేవిటి, ఈ అంకెలేవిటి?" అన్నాడు.

"రష్యా పాఠాలు సార్."

"పాఠాలైతే వడ్లలో ఎందుకున్నాయి?"

 గంగారాం భయపడలేదు. "బాపు రావు ఈ ఊర్లనే ఉన్నడు సార్. దామోదర్ రావు దొర కొడుకు. ఇద్దరం ఒక్కటే క్లాసు. పిలిచి సదివియ్యుండ్రి, మీకే తెలుస్తది" అన్నాడు.

సాయంత్రం బాపు రావు తండ్రితో కలిసి వచ్చాడు. వాళ్ళకు కుర్చీలు వేశారు. గంగారాం గోడవార నేల మీద ఉన్నాడు. ఎస్సై నోటుబుక్కు అందిస్తే బాపు రావు తెరిచాడు. మొదటి పేజీ మీద అతని వేలు ఆగింది. ఒక్కో అక్షరం మీదుగా పేరు చివరిదాకా పోయింది. గంగారాం ఊపిరి తీసుకున్నాడు.

బాపు రావు తండ్రి వైపు చూశాడు. తర్వాత నాలుగు పేజీలు తిప్పి మూసేశాడు.

"ఇది నాకు తెల్వది సార్. మా పాఠాలల్ల గిట్లాంటిది లేదు."

"మొదటి పేజీ సదువు బాపూ" అన్నాడు గంగారాం.

"ఏముందక్కడ?" అన్నాడు ఎస్సై.

"ఆయన పేరే ఉన్నది సార్."

ఎస్సై ఆ అక్షరాల వంక, బాపు రావు వంక చూశాడు. బాపు రావు చిన్నగా నవ్వాడు. "నా పేరు గిట్ల ఎందుకుంటది సార్?" అన్నాడు.

ఆ అక్షరాలు చదవగలిగిన మనిషి స్టేషనులో మరొకడు లేడు. ఆ రాత్రే గంగారాం మీద కేసు రాసి జైలుకు పంపారు.

పోలీసులు కాలేజీకి రాసిన ఉత్తరానికి జవాబు ఏడు నెలలకు వచ్చింది. ఇవి రెండో ఏటి పాఠాలేనని అందులో ఉంది. అప్పటికి బాపు రావు మాస్కోలో ఉన్నాడు. గంగారాం జైలు నుంచి బయటికొచ్చాడు గానీ కాలేజీలో హాజరు పోయింది, పాస్‌పోర్టు రానే లేదు. సిరిసిల్ల పోయి సాంచల మీద పనికి కుదిరాడు. ఆ మగ్గాల మోతలో ఎవరితోనూ మాట్లాడనక్కర లేదు. అది అతనికి నచ్చింది.

కొడుకు ఇంటికి వచ్చినప్పుడల్లా ఎల్లవ్వది ఒకటే ఏడుపు. "నేను గుమ్మిల దాయకపోతే నువ్వు మాస్కో పోతుంటివి కొడుకా. నా చేతులే నిన్ను ముంచినయి."

మరుసటి ఏడు కేసు కొట్టేసి నోటుబుక్కు తిరిగి ఇచ్చారు. గంగారాం జగిత్యాల కోర్టు నుంచి నేరుగా ఇంటికి వచ్చాడు. దాన్ని చూడగానే తల్లి మళ్ళీ అదే మాట ఎత్తింది. అతను మొదటి పేజీ తీసి, ఆమె వేలు పట్టి అక్షరాల మీద పెట్టాడు.

"గిది చిన్నదొర పేరు. కామెర్లొచ్చినప్పుడు ఆయన కోసమే రాసిన."

ఎల్లవ్వ వేలు తియ్యలేదు. "స్టేషన్ల ఆయన గిది సూడలేదా?"

"సూసిండు. గిట్లనే వేలు పెట్టి సూసిండు."

ఆమె వేలు ఆ పేరు చివరిదాకా పోయింది.

"పసరు నేనే నూరి పంపితి గదరా" అంది.

చేట ఒళ్ళోకి లాక్కుంది. మళ్ళీ ఎన్నడూ ఆమె గుమ్మి మాట ఎత్తలేదు.