ఇగ్నేషియస్ కనపడటం లేదు

లైసెన్సు గోడకు వేలాడుతున్నంత కాలం దానివైపు ఎవరూ చూడరు. గడువు దగ్గర పడేసరికి అదే మనవైపు చూడటం మొదలుపెడుతుంది. ఆరు నెలలుగా వెర్లీన్ టగ్‌వెల్ పరిస్థితి అదే. చీపురు పట్టుకున్నా, ప్రార్థనకు కళ్ళు మూసుకున్నా ఆ కాగితం తన వీపుకేసి చూస్తున్నట్టే ఉండేది.

మౌంట్ గిలియడ్ చర్చి నేలమాళిగలో ఆమె ఇరవై రెండేళ్ళుగా పిల్లల సంరక్షణ కేంద్రం నడుపుతోంది. మేకన్ వెళ్ళే రోడ్డు మీది కోళ్ళ ఫ్యాక్టరీలో తెల్లారకముందే షిఫ్టు ఎక్కే తల్లులకు ఆ నేలమాళిగే దిక్కు. చాలామంది పిల్లలకు రాష్ట్రమే ఫీజు కడుతుంది. కడుతుంది కాబట్టి అడుగుతుంది కూడా. ఎవరొచ్చారు, ఎన్నింటికొచ్చారు, ఎవరు దించారు, ఎవరు తీసుకెళ్ళారు అన్నీ కాగితం మీద ఉండాలి.

పోయిన తనిఖీలో రెండు తప్పులు పట్టారు. బ్లీచు సీసా ఉన్న అలమరకు తాళం లేదు. అది అరగంట పని. రెండోది అంత తేలిక కాదు. హాజరు కాగితంలో పిల్లల పేర్లు దుంప, పిట్ట, బిస్కెట్, పల్లీ అని ఉన్నాయి. దించినవాళ్ళ సంతకాలు 'అమ్మమ్మ', 'పెద్దత్త' అని ఉన్నాయి. ఒకచోటైతే ఉత్త 'నేనే' అని ఉంది. దాంతో ఏడాది లైసెన్సు ఆరు నెలలకు కుదించుకుపోయింది. ఆ ఆరు నెలలూ ఈ శుక్రవారంతో సరి. ఈసారి పెద్ద తప్పు ఒక్కటి దొరికినా సోమవారం తలుపు తియ్యక్కర్లేదు.

అందుకే మొన్న ఆదివారం ఆరాధన కాగానే వెర్లీన్ తాతలనూ అమ్మమ్మలనూ వరుసగా నిలబెట్టి చెప్పింది.

"ముద్దుపేర్లు చెల్లవు. పుట్టినప్పుడు సర్టిఫికెట్‌లో రాయించిన పేరు రాయాలి. మొత్తం పేరు. దేవుడికీ ప్రభుత్వానికీ తెలిసిన పేరు. బ్రదర్ బటన్, నీకే చెప్తున్నా. పోయినసారి 'తాత' అని రాసి నా కొంప ముంచింది నువ్వే."

మనవరాలు పల్లీని రోజూ దించే బటన్ తాత టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. "మొత్తం పేరే రాయాలా, సిస్టర్?"

"మొత్తం."

"రాసి చాలా ఏళ్ళయింది" అన్నాడాయన దిగులుగా. రాయడం మరిచిపోయాడనుకుని వెర్లీన్ జాలిపడింది.

ఆ రాత్రి ప్రార్థనలో ఆమెకొక అనుమానం వచ్చింది. దేవుడు మనల్ని పేరుపెట్టి పిలుస్తాడంటారు కదా, ఏ పేరుపెట్టి? సర్టిఫికెట్ పేరా, ఇంట్లో పిలిచే పేరా? పాస్టరును అడగాలనుకుంది గానీ నవ్వుతాడని ఊరుకుంది.

శుక్రవారం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు రాష్ట్ర తనిఖీ అధికారి మిస్ పెట్‌వే చెప్పకుండా వచ్చింది. చెప్పకుండా రావడమే ఆవిడ ఉద్యోగం. సన్నటి మనిషి, చంకలో నిబంధనల పుస్తకం. అలమర తాళం లాగి చూసింది. కుళాయి వేడినీళ్ళలో వేలు పెట్టి చూసింది. ఉయ్యాల కింద పరిచిన రబ్బరు ముక్కల్లో స్కేలు గుచ్చింది. ఏదీ దొరకలేదు. వెర్లీన్ మనసులో ఒక్కొక్క స్తోత్రం చెల్లిస్తూ వెనకే నడిచింది.

పిల్లల గదికీ వంటగదికీ మధ్య, నడుము ఎత్తు మాత్రమే ఉండే సగం తలుపు దగ్గర మిస్ పెట్‌వే ఆగింది. తలుపుకు అవతల, చర్చిలో పెద్దావిడని అందరూ మదర్ అని పిలిచే ఎనభై నాలుగేళ్ళ ఓజెల్ చిలగడదుంపలు చెక్కు తీస్తోంది.

"ఇక్కడ పనిచేసేవాళ్ళందరి వేలిముద్రలూ పోలీసు రికార్డులతో సరిచూడాలి. ఈవిడవి మా దగ్గర లేవే?"

"తీశారమ్మా, మూడుసార్లు" అంది వెర్లీన్. "అరవై ఏళ్ళు బట్టలుతికిన వేళ్ళు. గీతలు అరిగిపోయాయి, మెషీనుకు అందట్లేదు. అందుకే పిల్లల గదిలో అడుగు పెట్టదు, పిల్లలతో మాట్లాడదు. తలుపుకు ఇవతలున్నవాళ్ళతో మాట్లాడొద్దని చెప్పాం."

"దొంగతనం చేసినా దొరకను" అంది మదర్ ఓజెల్.

"మదర్! ఇవతలివాళ్ళతో మాట్లాడొద్దన్నానా?"

ఇక మిగిలింది పేరుకూ మొహానికీ జత కలపడం. పొద్దున సంతకం పెట్టిన కాగితంలో పద్దెనిమిది పేర్లున్నాయి. చాప మీద పద్దెనిమిది తలకాయలున్నాయి. వెర్లీన్ ఊపిరి పీల్చుకుంది.

"థియోడోర్ మాక్స్‌వెల్ గ్రైమ్స్" అని చదివింది మిస్ పెట్‌వే.

ఎవరూ పలకలేదు. ముందు వరుసలో ఉన్న దుంప మాత్రం ఈ థియోడోర్ ఎవరా అని కుతూహలంగా నాలుగు వైపులా చూశాడు. అక్కడ పనిచేసే ట్వైలా వాడి చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

"నేను దుంపని" అన్నాడు వాడు నొచ్చుకుంటూ.

"ఇవాళ్టికి థియోడోర్‌వి నాయనా" అంది వెర్లీన్.

బిస్కెట్ తన అసలు పేరు వినగానే ఏడుపు లంకించుకున్నాడు. వాళ్ళమ్మ కొట్టబోయే ముందు మాత్రమే ఆ పేరు పెట్టి పిలుస్తుందట. అలా అలా పదిహేడు జతలు కలిశాయి. చివరికి చాప మీద ఒక పిల్ల, కాగితం మీద ఒక పేరు మిగిలాయి.

"ఇగ్నేషియస్ లవెల్ బ్రాడ్‌నాక్స్."

చాప మీద మిగిలింది పల్లీ. నాలుగు జడలు, జడలకు పసుపు పూసలు, ముందు పన్ను లేదు.

మిస్ పెట్‌వే కళ్ళజోడు సర్దుకుంది. "ఈ అమ్మాయి ఇగ్నేషియసా?"

"కాదమ్మా. ఈమె మార్వెలా జీన్."

"మార్వెలా జీన్ కాగితంలో లేదు. అంటే సంతకం లేని పిల్ల ఒకతి మీ గదిలో ఉంది. సంతకం ఉన్న పిల్లవాడు ఒకడు కనపడటం లేదు. ఆ పిల్లవాడికి మీ దగ్గర ఫైలు కూడా లేదు. పక్కన సంతకమా, కోడి గీకినట్టుంది." పుస్తకం తెరవకుండానే అప్పజెప్పింది. "సంతకం పెట్టి దించిన పిల్లవాడు, సంతకం పెట్టి తీసుకెళ్ళేదాకా మీ బాధ్యత. పది నిమిషాల్లో దొరక్కపోతే షెరీఫ్‌కు చెప్పాలి. అప్పుడు లైసెన్సు సంగతి నేను మాట్లాడక్కర్లేదు."

వెర్లీన్ వెతకడం మొదలుపెట్టింది. బ్రాడ్‌నాక్స్ ఇంటిపేరువాళ్ళు ఆ జిల్లాలో కుక్కగొడుగుల్లా ఉన్నారు. వీడు ఎవరి పిల్లవాడు? మరుగుదొడ్డి చూసింది, కోట్లు తగిలించే చోట చూసింది, పియానో వెనకా చూసింది. "ఇగ్నేషియస్! ఇగ్నేషియస్ నాన్నా!" అని ఆమె పిలుస్తుంటే ఇదేదో కొత్త ఆటనుకుని పద్దెనిమిది మంది పిల్లలు కూడా అందుకున్నారు.

"ఏమంటున్నారూ?" అంది సగం తలుపు అవతల నుంచి మదర్ ఓజెల్.

"మదర్, దయచేసి మాట్లాడకు!"

పియానో వెనక ట్వైలా ఆమె చెవిలో గుసగుసలాడింది. "మిస్ వెర్లీన్, ఆవిడ ఫైళ్ళ బీరువా దగ్గరుంది. కాగితం ఇక్కడే ఉంది. ఎనిమిదింటికి ఇంటికెళ్ళాడని ఒక్క గీత గీకేద్దాం. పొద్దున తలుపు దగ్గరున్నది నేనే. నిన్నటిదాకా పిల్లల పేర్లు నేనే రాసిచ్చా, ఇవాళ బిస్కెట్ ఏడుస్తుంటే సరిగ్గా చూడలేదు. తప్పు నాది, గీత నేనే గీస్తా."

వెర్లీన్ చేతిలో పెన్ను ఉంది. ఒక్క గీత. సోమవారం తలుపు తెరుచుకుంటుంది, ఆ తల్లులు షిఫ్టు ఎక్కుతారు. దేవుడు ఈ ఒక్కటి చూసీ చూడనట్టు ఊరుకోడా? ఊరుకుంటాడేమో. కానీ నిజంగానే ఒక పసివాడు ఎక్కడో ఉండి, తను వాణ్ణి కాగితం మీద ఇంటికి పంపేస్తే?

ఆమె పెన్ను ట్వైలా జేబులో పెట్టి, నేరుగా మిస్ పెట్‌వే దగ్గరికి నడిచింది.

"ఈ పిల్లవాడెవరో నాకు తెలియదమ్మా. ఎక్కడున్నాడో కూడా తెలియదు. షెరీఫ్‌కు ఫోను చెయ్యండి. లైసెన్సు సంగతి తర్వాత, ముందు పిల్లవాడు దొరకాలి."

మిస్ పెట్‌వే ఆమె మొహంలోకి ఒక క్షణం చూసి ఫోను తీసింది.

"ఇగ్నేషియసా?" మదర్ ఓజెల్ గరిటెతో సగం తలుపు మీద దడదడా బాదింది. "నా నోరు నొక్కేస్తే ఎలాగమ్మా? ఇగ్నేషియస్ నాకు తెలుసు! మూడో తరగతిలో నా పక్కనే కూర్చున్నాడు. నా అన్నం డబ్బాలో కప్పను పెట్టాడు!"

"మదర్, మూడో తరగతేంటి?"

"వాడికిప్పుడు ఎనభై మూడు. బటన్! మన బటనే! కప్పను పెట్టాక నేను చొక్కా పట్టుకుని గుంజితే బొత్తాలన్నీ ఊడిపోయాయి. ఆ రోజు నుంచీ బటన్. వాడి అసలు పేరు వాడికే గుర్తుందో లేదో."

వెర్లీన్ కాగితం లాక్కుని చూసింది. మొత్తం పేరు రాయమంటే బటన్ తాత మొత్తం పేరే రాశాడు. తన పేరే. పిల్లల గడిలో, ముత్యాల్లాంటి అక్షరాలతో.

"ఆయన ఎక్కడున్నాడు?" అంది మిస్ పెట్‌వే.

ఎక్కడుంటాడు, పికన్ చెట్టు కింద తన పాత ట్రక్కులో ఉన్నాడు. పల్లీని దించాక పదిన్నర బైబిలు క్లాసు దాకా రోజూ అక్కడే కునుకు తీస్తాడు. అందరూ వెళ్ళేసరికి అద్దాలు దించుకుని, నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు.

మిస్ పెట్‌వే కిటికీలోంచి లోపలికి తొంగి చూసింది. "వాహనంలో. ఒంటరిగా. నిద్రపోతూ. మా పుస్తకంలో దీన్ని మించిన నేరం లేదు, మిసెస్ టగ్‌వెల్." అప్పుడు మొదటిసారి ఆవిడ పెదవి చివర కదిలింది.

బటన్ తాత ఉలిక్కిపడి లేచాడు. "ఎవరమ్మా? క్లాసయిపోయిందా?"

"నువ్వు తప్పిపోయావు బ్రదర్" అంది వెర్లీన్, నవ్వాలో ఏడవాలో తెలియక.

లోపలికొచ్చి ఆయన తన పేరు కొట్టేసి, పైన మనవరాలి పేరు రాయడానికి పెన్ను ఎత్తి ఆగిపోయాడు. "పల్లీ, నీ పేరేంటే?"

"పల్లీ" అంది పల్లీ.

వెర్లీన్ ఒక్కో అక్షరం చెప్తే రాశాడు. మిస్ పెట్‌వే తన కాగితంలో, గడి తారుమారైంది, అక్కడికక్కడే సరిదిద్దారు, పెద్ద తప్పేమీ లేదు అని రాసింది. ఏడాది లైసెన్సు వారంలో పోస్టులో వస్తుందంది.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. మొహం మళ్ళీ రాయిలా ఉంది. "ఇంకొకటి. ఇగ్నేషియస్‌ను దించినట్టుంది గానీ తీసుకెళ్ళినట్టు లేదు."

"నేను తీసుకెళ్తా ఇవ్వండి" అంది మదర్ ఓజెల్, సగం తలుపు మీంచి చెయ్యి చాచి. "కప్ప సంగతి ఇంకా తేల్చుకోవాలి."

ఆమె వంకర్లుపోయే అక్షరాలతో సంతకం పెట్టింది. మిస్ పెట్‌వే దాన్ని చదివింది, పెన్ను మూత పెట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాత వెర్లీన్ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. తీసుకెళ్ళినవారి గడిలో 'నేనే' అని ఉంది.

కోప్పడదామనుకుంది గానీ కాగితాన్ని అలాగే ఫైల్లో పెట్టేసింది. ఆ రాత్రి మోకరించినప్పుడు పేరు గురించి ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు. ఆయన ఏ పేరుతో పిలిచినా చెప్పాల్సిన జవాబు 'నేనే' అన్నదొక్కటే కదా అనుకుంది.