ఏడు అక్షరాల తేడా

నేను ఒక జాబితాను. కాగితం మీద కాదు, కంప్యూటర్‌లో ఉంటాను. నన్ను తెరిచి చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ దేశంవాళ్లయినా, ఏ వేళనైనా రావచ్చు. ఇలా తలుపులు బార్లా తెరుచుకుని కూర్చున్నవారి ఇంట్లో సరుకు నిండుగా ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

నా సరుకేమిటో చెబుతాను. రోగాలతో పోరాడే యాంటీబాడీలను మీ రక్తకణాలు తయారుచేస్తాయి. అందుకు కావలసిన జన్యువులు, అంటే అక్షరాల వరుసల్లాంటి సూచనలు, మీకు తల్లిదండ్రుల నుంచి వస్తాయి. కణం వాటిని కత్తిరించి, అతికించి, అవసరాన్నిబట్టి కొన్ని అక్షరాలు మార్చుకుంటుంది. మార్చుకోకముందు ఆ జన్యువు ఎలా ఉండేదో చెప్పడమే నా ఉద్యోగం. అసలు పాఠం నా దగ్గర ఉంటుంది. పక్కన పెట్టి చూసుకుంటే ఎన్ని అక్షరాలు మారాయో తెలుస్తుంది.

నన్ను పుట్టించింది చలిదేశపు ప్రొఫెసరు ఒకాయన. తన ఊళ్లోనూ, పక్కనున్న రెండు నగరాల్లోనూ కొన్ని వందలమంది రక్తం పరీక్షించి నన్ను రాశాడు. ఆయన తర్వాత ఆయన శిష్యురాలు, ఆమె తర్వాత ఒక సంఘం నన్ను చూసుకున్నారు. చేతులు మారేకొద్దీ నా పరువు పెరిగింది గానీ, సరుకు పెద్దగా పెరగలేదు. పెళ్లికి వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని, ఊరి జనాభా ఇంతేనని చాటింపు వేసినట్టుండేది నా వ్యవహారం. నాలో లేని పాఠం ఎదురైతే, అది తప్పనో, మార్పనో ఠక్కున చెప్పేసేదాన్ని. "నాకు తెలియదు" అనే మాట నాకు ఎవరూ నేర్పలేదు.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి ల్యాబులో పేడాడ హైమావతి అనే ఆవిడ రోజూ పొద్దున్నే నన్ను తెరిచేది. ఒకరోజు గేదెల నారాయణమ్మ రక్తం వచ్చింది. ఆమెది పలాస, జీడిపప్పు బట్టీలో పని. ఆమెకు మెల్లగా పెరిగే ఒక రకం రక్త క్యాన్సరు. అందులో రెండు తీరులున్నాయి. కణం తన జన్యువును బాగా మార్చుకుని ఉంటే అది మెత్తని జబ్బు, సెలైన్‌లో ఎక్కించే మందుకు లొంగుతుంది. మార్చుకోకపోతే మొండిది, దానికి వేరే మాత్రలు వాడాలి. నూటికి రెండక్షరాలకు మించి మారితే మెత్తనిదని లెక్క.

రెండువందల తొంభై అక్షరాల్లో ఏడు మారాయని నేను చెప్పాను. అంటే మెత్తనిది. నా గొంతులో ఎక్కడా తడబాటు లేదు. సోమవారం నుంచి మందు ఎక్కించాలని డాక్టర్ ఈదర శివప్రసాద్ రాసేశారు.

రిపోర్టు పంపాక కూడా హైమావతి నన్ను మూయలేదు. ఆ ఏడు అక్షరాలను ఎక్కడో చూసినట్టు ఆమెకు అనిపించింది. పాత ఫైళ్లు తిరగేస్తే రెండేళ్ల కిందటిది దొరికింది. బొమ్మాళి రాజారావు, సోంపేటలో పోస్ట్‌మ్యాన్. అవే ఏడు అక్షరాలు, అవే చోట్ల. ఆయనదీ మెత్తనిదేనని నేను చెప్పాను. ఏడాది తిరగకుండానే జబ్బు తిరగబెట్టి ఆయన చనిపోయాడు. హైమావతి ఆ ఫైలును నారాయణమ్మ రిపోర్టు పక్కన పెట్టుకుంది. తర్వాత ఫోన్ తీసి నారాయణమ్మను, ఆమె అక్కను రమ్మంది.

ఇద్దరూ శుక్రవారం వచ్చారు. హైమావతి చెరో చిన్న గొట్టం ఇచ్చి అందులో ఉమ్మమంది.

నారాయణమ్మ గోడకున్న "ఉమ్మివేయరాదు" బోర్డు వంక చూసింది. "ఉమ్మొద్దని తిట్టే డాకటర్లని సూసినాను గానీ, ఉమ్మండని బతిమాలే డాకటరమ్మని ఇప్పుడే సూస్తన్నాను. మా అప్పకి జబ్బు నేదు కదా, దానిదెందుకు?"

"అందుకేనమ్మా. జబ్బు లేని ఆవిడలో కూడా అదే ఉంటే, అది జబ్బు మార్చింది కాదు. మీ అమ్మో నాన్నో ఇచ్చింది."

సోమవారం పొద్దున ఫలితం వచ్చింది. ఇద్దరి ఉమ్ములోనూ అవే ఏడు అక్షరాలు. హైమావతి కాగితాలు పట్టుకుని పరుగున డాక్టరుగారి గదికి వెళ్లి, ఆయన్ను వెంటబెట్టుకుని నా ముందుకు వచ్చింది.

"ప్రపంచమంతా వాడే లిస్టమ్మా ఇది," అన్నారాయన. "రెండు ఉమ్ములు చూసి దీన్ని కాదంటావా?"

"సార్, తప్పు ఒకచోట జరుగుతుంది. అదే తప్పు, అదే చోట, ముగ్గురిలో ఎలా జరుగుతుంది? నారాయణమ్మ కణం ఒక్క అక్షరం కూడా మార్చలేదు. అసలు పాఠమే అలా ఉంది. ఈ లిస్టుకి తెలీదు, అంతే."

ఆయన నన్ను చూశారు, కాగితాలను చూశారు, మళ్లీ నన్ను చూశారు. నేను అప్పటికీ "ఏడు మార్పులు" అనే చూపిస్తున్నాను. సిగ్గులేనితనానికి హద్దుండాలి.

"రాజారావుకి ఎక్కించింది కూడా ఇదే మందు కదూ?" అని అడిగారాయన, గొంతు తగ్గించి.

"అవును సార్."

ఆయన పాత చీటీ కొట్టేసి మాత్రలు రాశారు.

హైమావతి నా సంరక్షకులకు ఉత్తరం రాసింది. అక్షరాలు చదివే యంత్రం పొరబడి ఉంటుందని వాళ్లు జవాబిచ్చారు. పెంచినవాళ్లు కదా, నా బుద్ధే వాళ్లది. ఆమె మరో యంత్రంలో చదివించింది. పలాస, సోంపేట వైపు మరో పదకొండుమంది ఒప్పుకుని ఉమ్ము ఇస్తే, నలుగురిలో అదే పాఠం కనిపించింది. ఏడు నెలల తర్వాత సంఘం ఒప్పుకుంది. నాలో ఒక కొత్త వరుస చేరింది. ఆ రోజు నారాయణమ్మ పాఠాన్ని మళ్లీ పెడితే "తేడా ఏమీ లేదు" అన్నాను, ఎప్పటినుంచో తెలిసినట్టు.

అప్పటికి నారాయణమ్మ కోలుకుని బట్టీకి వెళుతోంది. పరీక్షకు వచ్చినప్పుడు హైమావతి ఆమెకు ఆ వరుస చూపించింది.

"ఇందులో నా పేరేది?"

"పేర్లు రాయకూడదమ్మా. నంబరే ఉంటుంది."

"పోన్లెండి. మా యమ్మకి సదువు నేదు. ఆవిడిచ్చిన అచ్చరాలు దేశాలోళ్లు సదువుతున్నారు, సాలు."

ఆమె వెళ్లాక హైమావతి రాజారావు భార్యకు ఫోన్ చేసింది. ఎవరూ చెప్పమనలేదు, ఆమే చేసింది. జరిగింది దాచకుండా చెప్పింది. అంతా విన్నాక ఆవిడ, "ముందే తెలిస్తే ఉండేవోరా?" అని అడిగింది.

"ఉండేవారేమో అండీ. తప్పకుండా అని చెప్పలేను."

ఆ మాట నేను చెప్పవలసింది, రాజారావు రక్తం వచ్చిన రోజునే.

నిన్న మరో రక్తం వచ్చింది, పార్వతీపురం నుంచి. ఎనిమిది అక్షరాల మార్పు అన్నాను, పాత అలవాటు ప్రకారం. హైమావతి నవ్వి, "చూద్దాం" అంటూ ఉమ్ము గొట్టం అందుకుంది. ఆమె నన్ను గుడ్డిగా నమ్మడం మానేసింది. అప్పటినుంచే నేను కాస్త పనికొస్తున్నాను.